నిన్నటంతే

లాల్‌దర్వాజాలో పెంటయ్య ఇళ్లకు పాలు పోసి వచ్చాక లెక్క చెబుతాడు. కూతురు తనూజ దాన్ని ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తుంది. మార్పు ఉన్న ఇల్లే చెప్పడం ఆయన అలవాటు. ఒకరు పెరుగు తోడేయడానికి అర లీటరు ఎక్కువ తీసుకున్నారు, ఇంకొకరు ఊరెళ్లారు. మిగతా ఇళ్ల గురించి మాట్లాడడు. మాట్లాడలేదంటే నిన్నటంతే అని. ఆయన తండ్రి కాలం నుంచీ అదే పద్ధతి.

అందుకే తనూజ ఎక్సెల్‌లో ఒక మాక్రో రాసింది. బటన్ నొక్కితే అది ఖాళీ గడులను వెతుకుతుంది. ఆ ఇంటి పేరుకు ఎదురుగా ‘బంద్’ అని లేకపోతే, ముందురోజు అంకెను తెచ్చి గడిలో వేస్తుంది. బటన్ నొక్కి, తెర వైపు చూడకుండానే ఆమె టిఫిన్‌కు లేచేది.

బోనాలు అయిపోయిన వారం కామేశ్వరమ్మ వచ్చింది. భర్త ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి.

“ఏమ్మా తనూజా, మాకు పాలు మానేశారా? మానేస్తే ఆ మాట చెప్పాలి కదా. వారం నుంచి ప్యాకెట్ పాలే గతి.”

తనూజ షీట్ చూసింది. రోజూ లీటరు ఉంది.

“పోసినట్టే ఉంది ఆంటీ.”

“అయితే మీ కంప్యూటరే తాగుంటుంది.”

కొట్టంలో బర్రెకు గడ్డి వేస్తున్న పెంటయ్య బయటికి వచ్చాడు.

“ఏంది లొల్లి? రోజూ పోస్తున్న గదమ్మా. ఇయ్యాల గుడ పచ్చతలుపు కొట్టిన, గిన్నెల పోసిన.”

కామేశ్వరమ్మ ముఖంలో నవ్వు పోయింది.

“మేం ఆ ఇల్లు ఖాళీ చేసి రెండేళ్లయింది పెంటయ్యా. కొత్తింట్లో పొంగించడానికి పాలు తెచ్చింది నువ్వే కదా.”

పెంటయ్య ఆమెను చూశాడు. “గట్లనా,” అని మళ్లీ కొట్టంలోకి వెళ్లాడు.

మాక్రో నింపకముందు ఉన్న షీటును తనూజ విడిగా దాచేది. దాన్ని తెరిచింది. ఎండాకాలంలో ప్రతి రోజూ నాలుగైదు గడుల్లో తను టైప్ చేసిన అంకెలున్నాయి. తర్వాత ఒకటో రెండో. ఆషాఢంలో అసలు లేవు. బోనాల ఆదివారం కూడా అన్నీ ఖాళీ. ఆ రోజు లాల్‌దర్వాజాలో చుట్టాలు రాని ఇల్లు ఉండదు. పాలు ఎక్కువ అడగని ఇల్లూ ఉండదు. ఆయన ఏమీ చెప్పలేదు. ఆమె బటన్ నొక్కింది.

“నీకు తెలుసా అమ్మా?” అని తల్లిని అడిగింది.

“పాలు రాలేదని ఒకరిద్దరు ఫోన్ చేసిన్రు,” అంది శారదమ్మ. “రేపు తెస్తడని చెప్పిన. వయసు మీద పడ్డది అనుకున్న బిడ్డా.”

మరునాడు తనూజ ఒక్కో ఇంటి పేరూ చదివింది.

“ఈశ్వరయ్య సార్ ఇంటికి?”

“నిన్నటంతే.”

“అమృతక్కకు?”

“నిన్నటంతే.”

“నిన్న ఎంత బాపు?”

పెంటయ్య తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. అవి తడిగా లేవు.

“నువ్వే నింపు బిడ్డా. నీ మిషన్ నింపుతది గద.”

తనూజ ల్యాప్‌టాప్ మూసింది.

“రేపటి సంది రాజన్న కాక పోతడు. నువ్వు బర్రెలను చూస్కో.”

రాజన్న పెంటయ్య తమ్ముడు.

“వాడా? వాడు పొద్దెక్కినంక లేస్తడు. చాయ్‌లకు గుడ అందవ్ పాలు.” ఆయన నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. “నన్నెందుకు ఆపుతున్నవ్? నాకు కాలు నొస్తలేదు, చెయ్యి నొస్తలేదు.”

“తెలుసు బాపు.”

“మరి? నేను పోకపోతే వాళ్లు ఊకుంటరా? పెంటయ్య ఏడి అని అడుగుతరు.”

“ఎవరడుగుతరు?”

పేరు చెప్పడానికి పెంటయ్య నోరు తెరిచాడు. పేరు రాలేదు. వంటింటి గుమ్మంలోంచి శారదమ్మ ఒక పేరు అందివ్వబోయింది. తనూజ చెయ్యెత్తి ఆపింది. ఆయన గల్లీ వైపు చూశాడు. చూపు ఒక్కో తలుపూ దాటుతూ పోయి, ఏ పేరూ దొరక్క మలుపు దగ్గర ఆగింది.