పోయినవాళ్లు

సోమవారం పొద్దున నా భార్య శిరీష చనిపోయింది. గురువారం మా తండాకు ఆరోగ్య సర్వే వచ్చింది.

ఆ సర్వేకు ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించింది నేనే. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువని తేలితే పక్కనున్న టేకుమట్లలోనే డయాలసిస్ పెడతారని, దానికోసం శిరీషకు దూరం బస్సు ప్రయాణం తప్పుతుందని ఆశపడ్డాను.

సర్వే చేసే సంధ్యది మహబూబాబాద్. పక్కింటి తారి రక్తపరీక్షకు ఆమె ముందు చేయి చాపి, "గంత రక్తం గుంజుతవేంది బిడ్డా? జర మాకు సుత మిగల్చు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తర్వాత సంధ్య మా గడప దగ్గరికి వచ్చింది.

"అవ్వా, ఇంట్ల ఎంతమంది ఉంటరు?"

"నలుగురం," అంది మా అమ్మ బుచ్చి. ఆమె ఇంటిభాష వేరు. తెలుగులో ఒకటి రెండు మాటలే మాట్లాడుతుంది.

"నువ్వు, సారు, మీ మనుమరాలు... మరి కోడలేది?"

"పోయింది."

"ఎప్పుడొస్తది? పొద్దుగూకే దాంక మేం ఈడ్నే ఉంటం."

డిగ్రీ చదివే మా అమ్మాయి ప్రియ నావైపు చూసింది.

"చనిపోయిందమ్మా," అన్నాను.

సంధ్య చేతిలోని ఫోను దించింది. "మాఫ్ చెయ్యున్రి సార్. పొద్దటి సంది అందరు గదే మాట అంటున్నరు. రాంజీ జనగామ పోయిండు, కాళి భూపాలపల్లి పోయింది అని..."

"వాళ్లది గిదే జబ్బు. దవాఖానకు దగ్గరుందామని పోయిన్రు. వాళ్లను రాయమ్మా. శిరీషను సుత రాయి."

"గట్ల రాసుడు కుదరదు సార్. గిది ఒక్కనాటి సర్వే. ఇయ్యాల ఇంట్ల ఉన్నోళ్లల్ల ఎంతమందికి జబ్బుందో గంతే చెప్తది. ఎవరికి ఎప్పుడొచ్చింది, ఎవరు పోయిన్రు, గవన్ని తెల్వాలంటే ఏండ్లపొంటి గీ ఇండ్లకే తిరగాలె."

బడిలో హాజరు వేసేటప్పుడు రాని పిల్లల పేర్లూ పిలుస్తాం. పలకకపోతే ఆ సంగతి రాయడానికి ఒక గడి ఉంటుంది. సంధ్య ఫోనులో ఆ గడి లేదు. అది ఆమె తప్పు కాదు.

ప్రియ చేయి చాపింది. సూది గుచ్చాక, "నొప్పి లేదు" అంది. వాళ్లమ్మ కూడా ప్రతిసారీ అలాగే అనేది.

వానలు మొదలయ్యాక ఫలితాలు చెప్పారు. మా తండాలో కిడ్నీ జబ్బు తక్కువేనట. డయాలసిస్ ఇక్కడ అవసరం లేదన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు.

"రోగమున్నోళ్లంత పోయినంక ఇంక రోగమేడుంటది సారూ?" అంది తారి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సంధ్య ఒకసారి ఫోను చేసింది. పోయినవాళ్ల సంగతి వేరుగా కనుక్కోవాలని పైవాళ్లకు చెప్పిందట.

ఆ పని ఇంకా మొదలుకాలేదు.