గుడ్లసంచి వదలని సాలీడు

ఉంగుటూరు దగ్గర కాలవ పక్కన సత్తిరాజు ఇల్లు. వెనకంతా వరిచేలు. వాళ్ళ వంటగదిలో ఓ సాలీడు ఉండేది, అరచెయ్యంత. గూడల్లడం దానికి లేదు. పొద్దుగూకాక గోడమీద సర్రున ఉరికి బొద్దింకల్ని పట్టుకునేది. ఆ నెల పొట్టకింద తెల్లటి గుడ్లసంచి, బిళ్ళలా, కరిచిపట్టుకుని తిరుగుతోంది. సత్తిరాజు భార్య రత్నమాణిక్యం బూజు దులిపినా ఆ మూల జోలికి పోయేది కాదు.

"పిల్లలతల్లిని కదిలిస్తామా ఏవిటండీ" అనేది.

కోతల ముందు ఓ ఆదివారం లేచేసరికి సత్తిరాజు మెడమీద వాతలా తేలింది. నీటిపొక్కులు, ఒకటే మంట.

"సాలీడు పాకింది" అన్నాడు.

"లైటు పురుగేమోనండీ. చేలోంచి వస్తున్నాయి, ఎర్రగా చీమల్లాగా. బల్బు కింద పడుకోకండంటే వినరు కదా."

"నీ చుట్టాన్నంటే ఊరుకోవుగా! అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. నీ చేత్తోనే కొట్టు."

మామూలుగా నోరు విప్పని మనిషి. విప్పితే ఇదీ వరస. ఆవిడ చీపురు తీసింది. ఉత్తప్పుడైతే ఆ సాలీడు కంటికి ఆనకుండా పోయేదే. సంచి వదల్లేక ఒక్క దెబ్బకి దొరికిపోయింది.

మర్నాడు ఏలూరులో చర్మాల డాక్టరు మెడ చూసి నవ్వాడు. "సాలీడు కాదండీ. వరిచేలో పురుగు, లైటుకొస్తుంది. నిద్దట్లో నలిపేసుంటారు. దాని రసమే ఇలా పొక్కిస్తుంది."

ఇంటికెళ్ళగానే చెప్పేద్దామనుకున్నాడు బస్సులో. చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. మెడ మానుతూ వచ్చింది, మాట మాత్రం గొంతులోనే ఉంది.

శుక్రవారం రాత్రి భోజనానికి కూచుంటే కంచం అంచున బొద్దింక పాకింది. ఆవిడ దాన్ని విదిలించి, "పట్టేవాళ్ళు లేరు మరి" అంటూ అన్నం వడ్డించింది.

"మాణిక్యం, అది కాదంట."

"ఏది?"

"సాలీడు. లైటు పురుగేనంట. డాక్టరు చెప్పాడు."

గరిటె ఆగింది. "ఎప్పుడు చెప్పారండీ ఆయన?"

"సోమారం."

"నేను ఆదివారమే చెప్పాను కదండీ."

సత్తిరాజు ముద్ద కంచంలో పెట్టేశాడు. లేచి వెళ్ళి బల్బు ఆర్పాడు. చీకట్లో గోడవైపే చెవి పెట్టి కూచున్నాడు, ఎక్కడన్నా సర్రుమంటుందేమోనని.

ఆవిడే అంది, నెమ్మదిగా.

"లైటెయ్యండి. అన్నం చల్లారిపోతోంది. అదింక రాదు."