కంపెనీ కుర్చీ

ఆ ఉదయం మా గొడవ కుర్చీ గురించి. చేతులున్న పాత చెక్క కుర్చీని మావారు కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"అది నా కుర్చీ. లేవండి."

"కాలు ఊగుతోంది, పారేద్దామంటే వినవు. కూర్చుంటే ఒప్పుకోవు."

"ఇంట్లో ఇన్ని కుర్చీలుండగా ఆ కుంటిదాని కోసం కొట్టుకుంటారేంటి?" అంది అమ్మాయి, తల దువ్వుకుంటూ.

దానికి తెలియదు. అది పసిపిల్లగా ఉన్న రోజుల్లో ఆ కుర్చీని మేం కంపెనీ కుర్చీ అనేవాళ్ళం.

మావారు బొమ్మలు వేస్తారు. కుక్కరో ఇస్త్రీపెట్టో కొంటే డబ్బాలో ఒక చిన్న పుస్తకం వస్తుంది కదా, మూత ఎటు తిప్పాలో, మీట ఎక్కడ నొక్కాలో రెండు చేతులు చూపిస్తూ. ఆ బొమ్మలు. ఎవరి దగ్గరా ఉద్యోగం లేదు, పని ఉంటే పిలుస్తారు. పెద్ద కంపెనీల వాళ్ళ ముందు ఆయనకు నోరు పెగిలేది కాదు. అందుకని వెళ్ళే ముందురోజు నేను ఆ కుర్చీలో కూర్చుని కంపెనీని అయ్యేదాన్ని. ఒళ్ళో పిల్ల, గొంతులో అధికారం.

"ఎన్నిసార్లు మార్చమన్నా ఊరికే మార్చాలి" అనేదాన్ని. ఆయన తలూపేసేవారు. "మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అవుతుంది, కాదనండి" అని ఆ కుర్చీలోంచే కసిరేదాన్ని. రెండుసార్లకు మించి మార్చనన్న మాట ఆయన మొదట నాతోనే అన్నారు. ఓడిపోయి అంత సంతోషపడింది నేను ఆ ఒక్కరోజే.

తర్వాత ఆయనకు ధైర్యం వచ్చింది. కుర్చీకి పని పోయింది.

ఇప్పుడు మునుపెన్నడూ పిలవనంత పెద్ద కంపెనీ ఒప్పందం పంపింది. ఏడాది పొడవునా పని. ఒక్క షరతే ముల్లులా గుచ్చుకుంటోంది. బొమ్మల్లో కనిపించే చేతుల మీద సర్వహక్కులూ కంపెనీవే, అలాంటి చేతులు ఇంకెవరికీ వేయకూడదు. మొదటినుంచీ ఆయనకు పనిస్తున్న, కుట్టుమిషన్లు చేసే పెద్దాయనకు కూడా.

మధ్యాహ్నం ఆయన బల్లకు అటువైపు స్టూలు వేసుకున్నారు. "ఒక్కసారి కూర్చోవే."

ఎన్నేళ్ళయిందో ఆ మాట విని. కూర్చున్నాను. కుర్చీ కాలు ఊగింది.

"చూడండి ఆర్టిస్టు గారూ, ఎవరి చేతులైనా చేతులే. సంతకం పెట్టండి."

"ఎవరివో కావు మేడమ్. మా ఆవిడవి."

నేను కుర్చీలో ముందుకు వంగాను.

"మొదటి కుక్కరు మూత ఆవిడ పట్టుకుంటే చూసి వేశాను. బొటనవేలు కాస్త వంకర. అప్పట్నించీ అన్ని బొమ్మల్లో అవే."

చేతులు చూసుకున్నాను. బొటనవేలు ఇంకా వంకరే. చర్మం ముడతలు పడింది. ఆయన బొమ్మల్లో మాత్రం వాటికి వయసు రాలేదు.

"పని పోతుందేమో" అన్నాను, నా గొంతుతోనే.

"పోవచ్చు."

రాత్రి భోజనాల దగ్గర ఆయన గ్లాసు పక్కన పెట్టి, అమ్మాయితో చెప్పారు.

"రేపు వెళ్ళి చెప్పేస్తాను. బొమ్మలు తీసుకోమంటాను, చేతులు ఇవ్వను. ఆ షరతు తీస్తేనే సంతకం. లేదంటే కుట్టుమిషన్లాయన ఉన్నాడు, పస్తులైతే ఉండం."

"అమ్మ ఒప్పుకుందా?"

ఆయన నావైపు చూశారు.

"ముందు ఆ కుర్చీ కాలు బిగించండి" అన్నాను కూర వడ్డిస్తూ. "వాళ్ళు అంత తేలిగ్గా వింటారా? నేను ఇంకోసారి అందులో కూర్చోవాలి."