చవక వినాయకుడు

నంద్యాలలో ముప్పై ఏళ్లుగా చీరలమ్ముతున్నాను. ఎవరూ కొనని చీరకు చీటీ మార్చి ధర పెంచితే చాలు, దానికి దర్జా వచ్చి మర్నాడే అమ్ముడుపోతుంది. ఇంత తెలిసినవాణ్ణి, కొత్త కొట్టుకు రాతి వినాయకుడి కోసం ఆళ్లగడ్డ వెళ్లాను. శిల్పి వీరాచారి ఒక విగ్రహం చూపించి పన్నెండు వేలన్నాడు.

"ఇంత చవకంటే ఏదో లోపముంటాదిలే అప్పా," అని వచ్చేశాను.

తర్వాత హైదరాబాదులో ఒక పెద్ద షోరూములో నలభై వేలు పోసి కొన్నాను. షో వాళ్లది, రూము వాళ్లది, రొక్కం నాది. విగ్రహానికి కళ్లు మాత్రం ప్రతిష్ఠ రోజే తెరవాలి, ఆ పని శిల్పే చేయాలి. సిగ్గులేకుండా వీరాచారినే పిలిచాను.

ఉలి పట్టుకుని వచ్చినవాడు విగ్రహాన్ని చూసి ఆగిపోయాడు. పీఠాన్ని వేలితో తడిమాడు.

"అన్నా, ఈ ఎలుక తోక ఎడమకు తిప్పింది నేనే. ఆ పొద్దు నువ్వు వద్దన్న బొమ్మ ఇదే. నువ్వు పోయినాక హైదరాబాదోళ్లు కొనుక్కపోయినారు."

కొట్టునిండా చుట్టాలు. నా భార్య శాంతకుమారి నావైపే చూస్తోంది.

వీరాచారి ఎగతాళి చేయలేదు. నిజంగానే అడిగాడు. "లోపం యాడుందో ఇప్పుడన్నా చెప్పన్నా, దిద్దుతా."

తెరిచిన కళ్ల మొదటి చూపు అద్దంలో పడాలి. ఆ అద్దం పట్టుకోవాల్సింది యజమాని. దేవుడికి కావలసినదానికన్నా కాస్త పైకే ఎత్తి, దాని వెనక నా ముఖం దాచుకున్నాను.