మేకల వెనక మనిషి

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే. కొండ మీద నేను ఎక్కడైనా పడిపోతే, మా వాళ్ళు ముందు మేకల్ని వెతుక్కుని ఆ తర్వాత నా కోసం వస్తారేమోనని. ఇంట్లో పాలు మానని పిల్ల ఉంది. ఇది ఊరికే పుట్టిన భయం కాదు. మా ఇంట్లో జరిగింది చెబుతాను, తర్వాత మీరే అనండి.

మాది ఆటోనగర్ దాటాక కొండ కింద ఇల్లు. ఇంటి వెనక మేకల సాల. మా ఆయన మోహన్ లేత్ షాపులో పనికి వెళ్తాడు. మేకలు మాత్రం మా అత్త పోతమ్మ చేతుల మీదే పెరుగుతాయి. పొద్దున్నే గంజి తాగి మందని కొండెక్కిస్తుంది. ఎక్కడ మంచి ఆకు ఉందో, నూనె తేలే కాలవ వైపు ఏ మేక పరిగెడుతుందో ఆమెకే తెలుసు. ఎండ ముదిరాక దింపుకొస్తుంది. వచ్చేటప్పుడు చంకలో పచ్చి రొట్ట కట్ట ఉంటుంది. సాలలో కట్టేసిన సూడి మేక కొండెక్కలేదు కదా, దాని కోసం. ఒంట్లో బాగోలేని రోజైనా రొట్ట లేకుండా అత్త దిగిరావడం ఎవరూ చూడలేదు.

బక్రీదు దగ్గరపడిన రోజులవి. ఎండ నిప్పులు చెరుగుతోంది. పిల్లకి టీకా వేయించడానికి నేను గాజువాక వెళ్ళాను. నేను లేనప్పుడు జరిగినదంతా తర్వాత ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్నాను.

మేకలు వాటంతట అవే కొండ దిగాయి. దారి వాటికి అలవాటే. అవి పక్కింటి నూకాలు దడి మీద పడి బచ్చలి పీకుతుంటే ఆమె కర్ర పట్టుకుని మా సాల దాకా తరిమింది. "ముసల్దానికి సూపు ఆనట్లేదేటి? నా బచ్చలి పాదంతా మేసీసినాయి! ఇలాగొగ్గీసి ఏ సెట్టు కింద తొంగుందో!" అని తిట్టింది. తిట్టింది గానీ, కొండ వైపు తలెత్తి చూడలేదు.

మోహన్ భోజనానికి వచ్చాడు. మేకల బేరానికి పట్నంలోని పాత ఊరి నుంచి వచ్చిన నజీర్ అహ్మద్ అప్పటికే వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు.

"ఏటి బావా, మీ మేకలు ఇయాల తొందరగా దిగిపోనాయి?"

"ఎండ కదా బావా. మందొచ్చీసింది, ఎనకాతల అమ్మ వత్తాది."

నజీర్ పోతుల పళ్ళు చూశాడు. నడుము పట్టి చూశాడు. కొండ మేత మేక రుచే వేరని మెచ్చుకున్నాడు. ఇంతలో మోహన్ కంగారుపడ్డాడు. అమ్మ రాలేదని కాదు, మచ్చల మేకపిల్ల కనబడలేదని! కంచం ముందు నుంచి లేచి బండి తీశాడు. కాలవ గట్టంతా వెతికాడు. మెకానిక్ షెడ్ల వెనక అది దొరికితే ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, నీళ్ళు తాగించి, అప్పుడు తాపీగా అన్నం తిన్నాడు. కన్నతల్లి అప్పటికీ కొండ మీదే ఉంది.

నేను ఆటో దిగేసరికి సూడి మేక గొంతు చించుకుని అరుస్తోంది. దాని ముందు ఒక్క ఆకు లేదు.

"అత్తేది?" అన్నాను.

"వత్తాదిలేయే. మేకలన్నీ వచ్చీసినాయి కదా."

"మరి రొట్టేది?"

మోహన్ సాల వైపు చూశాడు. అతని ముఖం పాలిపోయింది.

పిల్లని నూకాలు చేతిలో పెట్టి కొండెక్కాను. మోహన్, నజీర్ నాకంటే ముందు పరిగెత్తారు. అత్త ఒక బండ పక్కన పడి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. సగం కట్టిన రొట్ట పక్కనే వాడిపోయి ఉంది. నజీర్ తువ్వాలు తడిపి ఆమె తలకి చుట్టాడు. మోహన్ వీపు మీద వేసుకుని దించాడు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు, "ఎంతసేపటి నుంచి పడి ఉంది?" అని. మేకలు ఎప్పుడు దిగాయో నూకాలుకి తెలుసు. మేకపిల్ల ఎప్పుడు దొరికిందో మోహన్‌కి తెలుసు. మనిషి ఎప్పుడు కూలిపోయిందో ఒక్కరికీ తెలియదు!

తర్వాత నర్సు అడిగింది, "ఈవిడ ఏం పని చేస్తుంది?"

"ఏటీ సెయ్యదండి. ఇంటికాడే ఉంటాది," అన్నాడు మోహన్.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిదో తరగతితో బడి మాన్పించిన దాన్ని, నలుగురిలో గొంతెత్తి ఎరగను. ఆ రోజు ఎత్తాను.

"ఏటీ సెయ్యదా? నీ లేత్ షాపు మూతబడితే ఇల్లు ఎవులు నడిపినారు మావా? మేకపిల్ల కనబడకపోతే అన్నం ఒగ్గీసి పరిగెట్టినావు. అమ్మ కనబడకపోతే కూకుని అన్నం తిన్నావు! సిస్టరమ్మా, మేకలు కాస్తాది అని రాయండి. పొద్దల్లా ఎండలో పని సేత్తాది అని రాయండి!"

గోడకి ఆనుకున్న నజీర్ మెల్లగా అన్నాడు.

"ఆడినొక్కడినే అనకు సెల్లెమ్మా. కొనీవోళ్ళందరూ మేక ఏటి మేసిందని అడుగుతారు. ఎవులు మేపినారని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. నానూ అడగలేదు. మేక పళ్ళు సూడ్డం నేర్సుకున్నాం గానీ, మనిషి మొకం సూడ్డం నేర్సుకోలేదు."

అత్త బతికింది. కానీ కాళ్ళలో పట్టు పోయింది, కొండెక్కలేదు. పిల్లని ఆమె దగ్గర ఉంచి ఇప్పుడు మందతో నేనే వెళ్తున్నాను. కొన్నాళ్ళు మోహన్ మధ్యాహ్నం ఫోన్ చేసి "ఎక్కడున్నావే?" అని అడిగేవాడు. నిన్న మాత్రం "మేకలు నీళ్ళు తాగినాయా?" అన్నాడు. ఫోన్ కట్ చేశాను.

ఒక మనిషి పనిని పనిగా ఎంచని చోట, ఆ మనిషి తప్పిపోయినా ఎవరి కంటికీ ఆనదు. మా ఒక్క ఇంటి సంగతే అయితే ఇంత రాయను. మీ వీధిలోంచి కూడా మేకలో గేదెలో వెళ్తూ ఉంటాయి. దారికి అడ్డమని హారన్ కొడతారు, గుమ్మం ముందు పాడుచేశాయని తిడతారు. తిట్టండి, పడతాం. కానీ ఈ ఎండల్లో మంద ఒక్కటే తిరిగి వస్తే, తోలుకొచ్చే మనిషి ఏదని ఎవరినైనా అడగండి. ఎవరూ చెప్పలేకపోతే, దయచేసి మీరే వెళ్ళి చూడండి.