చప్పట్ల మైకులు

పాటగాళ్లలో నాకు నచ్చినవాడు ఇంతవరకూ తగల్లేదు. ముప్పయ్యేళ్లుగా వాళ్ల నోటి ముందు మైకు పెట్టి బతుకుతున్నాను కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది. ఏడో తరగతిలోనే బడి మానేసిన నాకు ఉన్న చదువల్లా చెవి ఒక్కటే. ఆ చెవికి వాళ్ల పాట కంటే ముందు వాళ్ల గొప్పలే వినపడతాయి.

అందుకే మానవ హక్కుల సభకు వచ్చిన ఆ పాటగాడు, జనం వైపు తిప్పిన రెండు మైకులూ ఆపేయమన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. సొంత దేశంలో సర్కారు మీద పాటలు కట్టినందుకు పదకొండేళ్లుగా పరాయి ఊళ్లు పట్టి తిరుగుతున్నాడట.

“జనం గొంతు రికార్డు కాకూడదు తమ్ముడూ.”

“మరి ఎవరి గొంతు కావాలి? మీదొక్కటేనా?”

“నాదొక్కటే.”

చూశారా?

చిక్కేమిటంటే, సభ నడిపే కార్యదర్శమ్మ పొద్దున్నే వచ్చి చెప్పి వెళ్లింది. “జనం కలిసి పాడేదీ, చప్పట్లూ బాగా పడాలండీ. లేకపోతే వీడియో చచ్చినట్టుంటుంది. పోయినసారి మైకులు పెట్టినాయన అవి పట్టలేకపోయాడనే మిమ్మల్ని పెట్టుకున్నాం.” ఈ హాల్లో ఏడాదికి నలభై సభలు. ఇది పోతే నా సామాను అటకెక్కుతుంది.

“ఆవిడకి చెప్పారా?” అన్నాను.

“చెప్పాను. ముఖాలు తియ్యం, వీపులే తీస్తాం, సరిపోతుందిగా అన్నారు.”

“సరిపోదా?”

అతను ఏదో చెప్పబోయాడు. అంతలో ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు.

కెమెరా బిగిస్తున్న మా బావమరిది పళ్లికిలించాడు. “తనకంటే బాగా పాడేవాళ్లుంటారని భయమేమో బావా!”

నాకూ అలాగే అనిపించింది. కానీ చప్పట్లు వద్దన్న పాటగాణ్ణి నేను ఇన్నేళ్లలో చూడలేదు. పిల్లి పాలు వద్దన్నట్టుంది. ఆ జనంలో ఏముందని? పురుగు తొలిచింది. మైకులు ఆపలేదు. నా బల్ల మీది మిక్సర్‌లో వెలిగే వాటి ఎర్రదీపాల మీద జేబురుమాలు కప్పి ఊరుకున్నాను.

మూడో పాట సగంలో అతను నోరు మూశాడు. తీగలు మాత్రం మీటుతున్నాడు. హాలు అందుకుంది. మామూలు చెవికి అదంతా ఒకటే హోరు. నేను హెడ్‌ఫోన్‌లో ఎడమ మైకు పెంచుకున్నాను. హోరులోంచి మనుషులు విడివిడిగా బయటికొచ్చారు. ముక్కుతో పాడేవాడొకడు, తాళం కంటే ముందు పరిగెత్తేవాడొకడు, వాళ్ల పక్కన ఒక ఆడగొంతు. పైకి వెళ్లేచోట ఆ గొంతు పగిలేది, ఆగేది, మళ్లీ అక్కణ్ణుంచే ఎత్తుకునేది. ఎవరా అని మెడ సాచి చూశాను. అన్నీ వీపులే.

సభ అయ్యాక పాటగాడు నా బల్ల దగ్గరికొచ్చి రుమాలు ఎత్తి చూశాడు. అరుస్తాడనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“రెండేళ్ల కిందట ఇలాగే ఒక సభలో, ఇవాళ ఇక్కడ పాడినవాళ్లలాగే దేశం వదిలొచ్చిన మా ఊరి దర్జీ ఒకడు జనంలోంచి పాడాడు. ఆ రికార్డు మా దేశం చేరింది. పోలీసులు దాన్ని వాళ్లమ్మకి వినిపించారు. ఈ గొంతు ఎవరిదో తెలుసా అని.”

“చెప్పిందా?”

“కొడుకు గొంతు విని ఆరేళ్లయింది తమ్ముడూ. మావాడే, మావాడే అని ఏడ్చింది. ఇంకోసారి పెట్టమంది. పెట్టారు. మర్నాడు చిన్నకొడుకుని పట్టుకుపోయారు.”

గొంతుకి వీపుండదన్న సంగతి నాకు తెలియాలి. నా పని అదే కదా. అతను బతిమాలలేదు.

జనం మైకుల్లో పడ్డ రెండు ట్రాకులూ చెరిపేశాను. అతను నోరు మూసినచోట అతని మైకులో పడ్డ హోరు కూడా కోసేశాను. కెమెరా మైకు నేనెప్పుడూ ఆపించే ఉంచుతాను.

కార్యదర్శమ్మ వచ్చింది. “చప్పట్లు బాగా పడ్డాయా?”

“లేదండీ. వైరు తెగింది.”

“ముప్పయ్యేళ్ల అనుభవం అన్నారు!”

“తెగిందండీ.”

“ఇంకొకర్ని చూసుకుంటాం లెండి,” అని వెళ్లిపోయింది.

“బావా, ఆ వైర్లు మొన్ననే కదా...”

“నోర్ముయ్.”

వంగి వైర్లు చుట్టుకుంటున్నాను. హాలు దాదాపు ఖాళీ. నా వెనక ఎవరో కుర్చీలు ఈడ్చారు.

“ఇవి ఎక్కడ పెట్టమంటారండీ?”

ఐదు మాటలైనా లేవు. చివర్లో అదే పగులు.

తల ఎత్తలేదు. “ఆ మూలకి పెట్టేయమ్మా,” అన్నాను.