నా నోరు నీ జాగాలో లేదు

డెబ్బై ఎనిమిదో సంవత్సరంలో, ఒక పట్టపగలు, మునిరామయ్య బెల్లం పాక కాలిపోయింది. పాకాలకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో అంత పెద్ద పాక మరొకటి లేదు. అందులో పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి ఎగదోసే పని నిర్మలమ్మది. మొగుడు శాంతయ్య పోయి ఆరేళ్లయింది, బిడ్డలు లేరు. మునిరామయ్య స్థలంలోనే గుడిసె వేసుకుని వారమంతా పొయ్యి ముందు కూర్చునేది. ఆదివారం మాత్రం ఉతికిన చీర కట్టుకుని పాకాల చర్చికి నడిచి వెళ్లేది.

ఆ రోజు దాహమై నీళ్ల కుండ దగ్గరికి వెళ్లింది. పొయ్యి నోటికి అడ్డం పెట్టాల్సిన రేకు పెట్టడం మరిచింది. గాలి విసురుగా లేచింది. ఆమె తిరిగి చూసేసరికి నిప్పురవ్వలు ఎగిరి పిప్పి కుప్ప మీద పడుతున్నాయి. పరుగెత్తుకు వచ్చేలోపే మంట కప్పును అందుకుంది. మనుషులకేమీ కాలేదు గానీ, పాక బూడిదయింది.

సాయంత్రానికి పోలీసులు వెంకటమునిని పట్టుకుపోయారు. కూలి పెంచితేగాని గానుగ తిప్పేది లేదని అంతకుముందు వారం పనివాళ్లందరినీ కూర్చోబెట్టింది అతనే. నిప్పు పెట్టింది వాడేనని మునిరామయ్య రాసిచ్చి, సాక్షిగా నిర్మలమ్మ పేరు చేర్పించాడు. మరునాడు ఆమె గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు.

“సూడుమ్మే, వాడు అగ్గిపుల్ల గీస్తాంటే సూసినానని కోర్టులో ఒక్క మాట చెప్పు. అంతే.”

“ఆయప్ప ఆ పొద్దు ఆడ లేనే లేడు సామీ.”

“అట్లయితే అగ్గి యాడినుంచి వచ్చింది? పొయ్యి కాడ ఉండింది నువ్వే కదా. వాడు కాదంటే నువ్వు. ఆలోచించుకో.”

నిర్మలమ్మ నిజం ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలలు అలాగే గడిచాయి. వెంకటముని చిత్తూరు జైల్లో ఉన్నాడు. అతని తల్లి గురవమ్మ దారిలో ఎదురైతే నిర్మలమ్మ పక్క సందులోకి తిరిగిపోయేది. కుర్రవాడు, ఏడాదో రెండేళ్లో ఉండి వస్తాడులే, నేనైతే ఎక్కడికి పోతాను అని తనకు తానే చెప్పుకునేది. చర్చిలో మోకరించి, ప్రార్థన చెయ్యకుండానే లేచేది.

కోర్టు వాయిదాకు ముందు ఆదివారం, చర్చి నుంచి వచ్చి గడపలో కూర్చుని బైబిలు తెరిచింది. అక్షరాలు శాంతయ్య నేర్పినవే. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేది. నిప్పుల్లో నడిచినా నువ్వు కాలిపోవు, నేను నీకు తోడున్నానని దేవుడు ప్రవక్త చేత పలికించిన చోటికి వచ్చి ఆ వేలు ఆగిపోయింది.

“రేకు పెట్టనిది నేనే ప్రభువా,” అని పైకే అంది. “ఆ పిలగాడి మీదికి తోసి కూచున్నా.”

చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి లేచేసరికి, నెలల తరబడి గుండెలో ఆడుతున్న వణుకు నిలిచిపోయింది. ఏమీ జరగదన్న ధీమా కాదు అది. ఏం జరిగినా తను ఒంటరి కాదని తెలిసింది, అంతే. ఆ మధ్యాహ్నం కడుపునిండా తిని, నేరుగా గురవమ్మ ఇంటికి పోయి ఉన్నదంతా చెప్పింది.

గురవమ్మ చేతిలోని చేట పక్కన పెట్టింది. “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“బయం అక్కా.”

“ఇప్పుడు లేదా?”

“ఉండాది. కానీ ఇంక నేను దాని మాట వినను.”

వాయిదా రోజు మునిరామయ్యే ఆమెను బస్సెక్కించి చిత్తూరు తీసుకెళ్లాడు. బోనులో నిలబడి, దేవుని ఎదుట ప్రమాణం చేసి, నిర్మలమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. సర్కారు ప్లీడరు కాగితాలు తిరగేశాడు.

“పోలీసులకు వేరేగా చెప్పినావు కదా?”

“నన్నెవురూ అడగలేదయ్యా. ఆ సామి చెప్పింది వాళ్లు రాసుకున్నారు.”

“ఇట్లా చెప్తే తప్పు నీ మీదికే వస్తుంది, తెలుసా?”

“తెలిసే వచ్చినా.”

“నిన్నెవరైనా బెదిరించారా?” అని జడ్జి అడిగాడు.

ఆమె మునిరామయ్య వైపు తిరిగి చూసింది. “అబద్దం చెప్పమని బెదిరించినారు. నిజం చెప్పమని ఎవురూ బెదిరించలేదు, నేనే చెప్తాండా.”

కోర్టు మెట్ల మీద మునిరామయ్య దారికి అడ్డం వచ్చాడు. “రేపు పొద్దుటికి గుడిసె ఖాళీ చెయ్.”

“గుడిసె నీ జాగాలో ఉండాది, తీసుకో. నా నోరు నీ జాగాలో లేదు.”

“నీ దేవుడొచ్చి పెడతాడా కూడు?”

“ఇంతకాలం పెట్టింది నువ్వనుకుంటివా?”

ఆ సాయంత్రమే ఆమె తన గుడిసెను తానే విప్పుకుంది. పాకాలలో రైలుకట్ట పక్కన మళ్లీ వేసుకుంది. రెండు వారాలకు వెంకటమునిని విడిచిపెట్టారు. అజాగ్రత్తే గానీ కావాలని చేసింది కాదని నిర్మలమ్మ జోలికి ఎవరూ రాలేదు. పని మాత్రం తొందరగా దొరకలేదు. చాలా రోజులు గంజితోనే గడిచింది.

మరుసటి ఏడు మునిరామయ్య కొత్త పాక వేశాడు. కాళ్లు పట్టుకుంటే పనిస్తానని కబురంపాడు. నిర్మలమ్మ వెళ్లింది. పనివాళ్లంతా చూస్తుండగా అతని ఎదుట నిటారుగా నిలబడింది.

“నీ పాక కాలింది నా ఏమరుపాటుతో. దానికి మన్నించమని అడగాల్సిందే, అడుగుతాండా. కోర్టులో చెప్పినదానికి మాత్రం అడగను. పని కోసం రాలేదు.”

మునిరామయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగింది. కొంగు నడుముకు దోపుకుని, పాకాల దారి పట్టింది.